బావగారు కూర్చుని తేల్చిన కేసు

“ఈ గదిలోకి ఎవరూ అడుగు పెట్టడానికి వీల్లేదు. నేల మీద దుమ్ము కూడా కదలకూడదు. నేను వచ్చేశాను కాబట్టి నేరానికి ఇక రోజులు దగ్గర పడ్డాయి” అని బావగారు గుమ్మంలో నిలబడి ప్రకటించారు.

గదిలో ఉన్నది బ్యాగులమ్మ ఒక్కతే. ఆ గది ఆమెదే. నేల మీది దుమ్మూ ఆమెదే, చీపురు పట్టుకుని అప్పుడే ఊడవబోతోంది.

“ఊడవనా, వద్దా?” అంది.

“వద్దు. దుమ్ము మాట్లాడుతుంది. వినే చెవి ఉండాలి.”

ఆమె చీపురు మూలన పెట్టేసింది. అక్క భర్తని బయటికి పొమ్మనే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

వీధివైపు ఉన్న ఆ గదిలో ఆమె పదకొండేళ్ళుగా తోలు సంచులు కుడుతోంది. అందుకే వీధంతా ఆమెని బ్యాగులమ్మ అంటుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు పోస్టుమానుకి కూడా గుర్తులేదు. బావగారేమో బస్సు డిపోలో, ప్రయాణికులు మరిచిపోయిన వస్తువులు దాచే కౌంటర్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయన లెక్కలో అది ఉద్యోగం కాదు, నేర ప్రపంచపు గుమ్మంలో చేసిన తపస్సు. “పదకొండు వేల గొడుగులు నా చేతుల మీదుగా వెళ్ళాయి. గొడుగుని చూసి మనిషిని చెప్పగలను” అనేవారు. ఆ గొడుగుల్లో ఒక్కదాని యజమానినైనా పట్టుకున్నారా అని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబు సాయంత్రం దాకా సాగుతుందని అందరికీ తెలుసు.

రిటైరైన మర్నాడే అక్క ఫోన్ చేసి, “తొమ్మిది నుంచి అయిదు దాకా నీ దగ్గర ఉంటారే. తోడుగా ఉంటారు” అంది.

“నాకు తోడెందుకక్కా?”

“నీకు కాదు. నాకు.”

ఆ విధంగా బావగారు ఏడు నెలలుగా రోజూ వస్తున్నారు. చేతిలో భూతద్దం, ఒంటి మీద నల్ల తోలు కోటు. డిపోవాళ్ళు నలభై మంది కలిసి వీడ్కోలు రోజున తొడిగిన కోటది. ఎండ మండిపోతున్నా దాన్ని విప్పేవారు కాదు.

“ఇప్పుడు చెప్పు అమ్మాయ్. మొత్తం ఎన్ని కొంగలు?”

“ఆరు, బావగారూ.”

“ప్రస్తుతం ఎన్ని ఉన్నాయి?”

“చూస్తున్నారుగా. ఒక్కటీ సరిగ్గా లేదు.”

“అంటే ఆరు కొంగలు అపహరణకి గురయ్యాయి.”

“అపహరణ కాదండీ. చెరిగిపోయాయి.”

“మొదట్లో అందరూ అలాగే అంటారు” అని ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నారు.

జరిగింది ఇది. ఊళ్ళో పన్నెండు గదుల కొత్త హోటల్ ఒకటి తెరవబోతున్నారు. గదికొకటి చొప్పున పన్నెండు తోలు అట్టలు కావాలన్నారు, లోపల కాగితాలు పెట్టుకునేవి. ప్రతి అట్ట మీదా హోటల్ గుర్తు ఉండాలి: ఒంటికాలి మీద నిలబడిన కొంగ. శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాలి. బ్యాగులమ్మ చేతికి ఇంత పెద్ద పని రావడం ఇదే మొదటిసారి. మెత్తటి సంచులు కుట్టడం తప్ప ముద్ర పని ఆమె ఎప్పుడూ చేయలేదు. పాత ప్రెస్సొకటి కొని, ఇత్తడితో కొంగ అచ్చు పోయించి, తనకి ఎప్పుడూ సరుకిచ్చే తోళ్ళ తాతగారికి ఫోన్ చేసి బెరడు తోలు కావాలంది. చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి తయారుచేసే తోలది. కాస్త తడిపి అచ్చు నొక్కితే ఆ గుర్తు ఇక జన్మలో పోదు. శనివారం పార్సిల్ వచ్చింది. సోమవారం ఆరు కొంగలు నొక్కింది. సాయంత్రానికి కొంగల ముక్కులు అరిగాయి. మంగళవారం పొద్దున వచ్చి చూస్తే తోలు నున్నగా, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. కాళ్ళ దగ్గర మాత్రం లీలగా ఆరు గీతలు మిగిలాయి.

బావగారు టేబుల్ కిందికి దూరి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చేసరికి అరచేతిలో నల్లటి పొరలు ఉన్నాయి, గోరంతవి, ఏడో ఎనిమిదో.

“ఇవేమిటో తెలుసా?” అన్నారు గొంతు తగ్గించి.

బ్యాగులమ్మకి తెలుసు. నాలుగు నెలలుగా రోజూ సాయంత్రం అవే ఊడుస్తోంది. బావగారు ఎక్కడ కూర్చుంటే అక్కడ రాలుతాయి, ఎటు నడిస్తే అటు రాలుతాయి. ఆ కోటు భుజాల దగ్గర పూత లేచిపోయి కింద గుడ్డ కనబడుతోంది. ‘అచ్చమైన తోలు’ అని ఆయన మురిసిపోతూ కాలరు సర్దుకున్నప్పుడల్లా చెప్పాలనుకునేది, నోరు రాక ఊరుకునేది.

“తెలీదండీ” అంది.

“నేరస్థుడు వదిలి వెళ్ళిన ఆధారాలు. చూస్తూ ఉండు, వాడు ఎక్కడికి వెళ్ళినా ఇవే రాలుతుంటాయి.”

“నిజమే” అంది ఆమె.

ఆయన వాటిని ఒక కవర్లో వేసి నాలికతో తడిపి అంటించారు. తర్వాత తలుపు పక్కన తన ప్రధాన కార్యాలయంలో కూర్చున్నారు. అది పేము అల్లిన పాత కుర్చీ. వెడల్పు కళ్ళ అల్లిక నడుముకి పడటం లేదని ఈ మధ్యే దాని మీద అట్టేదో మడిచి వేసుకున్నారు.

“ఇక నాకు తోలు గురించి సమస్తం చెప్పు. శత్రువు పరికరం తెలియకుండా శత్రువుని పట్టలేం.”

“సమస్తం అంటే ఎలాగండీ? నాకే ఇంకా రాదు.”

“అసలుదీ నకిలీదీ తేడా చెప్పు చాలు.”

ఆమె సంచుల తోలు ముక్కొకటి చేతికిచ్చింది. “వెనక్కి తిప్పండి. పీచు పీచుగా ఉందా? అసలు తోలుకి అలా ఉంటుంది. నకిలీదానికి గుడ్డ కనబడుతుంది. ముందువైపు చూడండి, సన్న రంధ్రాలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటాయి. ఎక్కడ చూసినా ఒకేలా ఉందంటే అది మిషన్ నొక్కింది. వేలితో నొక్కితే చర్మంలాగే ముడతలు పడాలి.”

“నిప్పు పెట్టి చూస్తారని విన్నాను.”

“చూస్తారు. మీరు మాత్రం చూడకండి.”

బావగారు భూతద్దం పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. తర్వాతి గంటలో ఏం జరిగిందో బ్యాగులమ్మకి తలా ఒక ముక్కగా తెలిసింది. సైకిల్ రిపేరు అతను వచ్చి, మీ బావగారు మా సీట్లన్నీ వాసన చూశారు, ఆరోగ్యం బాగానే ఉందా అని అడిగాడు. దర్జీ వచ్చి, కస్టమరు కూర్చుని ఉండగానే కుర్చీని గిల్లారని చెప్పాడు. పోస్టుమాను మాత్రం భుజాన ఉన్న సంచిని గట్టిగా గుండెలకి హత్తుకుని ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయాడు.

బావగారు తిరిగి వచ్చి, “వీధి మొత్తానికి అసలు తోలు ఒక్క పోస్టుమాను ఎడమకాలి చెప్పు. కుడికాలిది కూడా కాదు. ఎంత లోతుకి పాకిందో చూశావా ఈ ముఠా?” అన్నారు.

ఆమె చూపు టేబుల్ మీదే ఉంది. ఆయన వీధిలో ఉండగా ఆమె ఒక అట్ట అంచుని కత్తితో నిలువునా కోసి చూసింది. బెరడు తోలైతే కోసినచోట పైనుంచి కిందిదాకా ఒకటే గోధుమ రంగు ఉండాలి. ఇక్కడ నడుమ సన్నగా నీలిబూడిద చార ఉంది. మీద నీటి చుక్క వేసింది. పీల్చుకోలేదు, ముత్యంలా నిలబడింది. అది క్రోమ్ తోలు, బెరడుతో కాక రసాయనాలతో తయారుచేసేది. మంచి సరుకే. నీళ్ళకి చెడదు, సంచులకి దాన్ని మించింది లేదు. కానీ ముద్ర దానికి అంటదు. ఎంత నొక్కినా పరుపులా లేచి కూర్చుంటుంది.

తోలుకి కట్టి వచ్చిన చీటీ ఇంకా మేకుకి వేలాడుతోంది. తోళ్ళ తాతగారి చేతిరాత: ‘బెరడు. అమ్మాయి అట్టలకి.’

పదకొండేళ్ళలో ఆయన చీటీని ఆమె ఒక్కసారి కూడా అనుమానించలేదు. ఏ పనికి ఏ తోలు అని నేర్పిందే ఆయన. బెల్టుకి సాగనిది, సంచికి వంగేది, లోపలి అస్తరుకి గొర్రె తోలు అని ముక్కలు చేతిలో పెట్టి, కళ్ళు మూసుకుని చెప్పమనేవారు. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. తోలు తడిపేటప్పుడు నీళ్ళు సరిగ్గా ఇంకనప్పుడే ఆమెకి తెలియాల్సింది. అంచున పాత గాయం మచ్చ కనబడినప్పుడైనా తెలియాల్సింది. ఆయన ఇలాంటి మచ్చ ఉన్నది పంపరే అనుకుంది గానీ, పెద్దవారయ్యారు, కళ్ళు మందగించాయేమో అని సరిపెట్టుకుంది.

ఇంకో ఇద్దరు వ్యాపారులకి ఫోన్ చేసింది. ఆ మందం బెరడు తోలు పది రోజులకి గానీ రాదన్నారు.

“తాతగారికి మాత్రం ఈ మాట చెప్పకూడదు. ఆర్డరు పోతే పోయింది” అని తనలో తాను అనుకుంది. కానీ కొంచెం పైకే అనుకుంది.

తలుపు పక్కన కుర్చీ కిర్రుమంది.

బుధవారం తొమ్మిదిన్నర అయినా బావగారు రాలేదు. బ్యాగులమ్మకి మొదట హాయిగా అనిపించింది. తర్వాత టేబుల్ వైపు చూసింది. టేబుల్ మీద కోసి పెట్టిన అట్ట ముక్క లేదు. చెప్పులు తొడుక్కుని తోళ్ళ బజారుకి పరిగెత్తింది.

ఆమె వెళ్ళేసరికి బావగారు తాతగారి షాపు గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నారు.

“పారిపోయే దారులన్నీ మూసేశాను” అంటున్నారు.

“కాస్త తప్పుకుంటారా, నేను లోపలికి వెళ్ళాలి” అన్నాడు వెనక నుంచి చెప్పులు కుట్టే అతను. బావగారు తప్పుకుని, అతను వెళ్ళాక మళ్ళీ మూశారు.

లోపల తోళ్ళు నడుమెత్తు దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. తాతగారు బల్ల వెనక ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఆయన కోడలు సరుకు కోసం ఊరి బయటికి వెళ్ళింది, షాపులో ఆయన ఒక్కరే.

“కూర్చోండి బాబూ. టీ చెప్పనా?” అన్నారు.

“టీతో నన్ను లొంగదీయలేరు. ఇవి ఘటనా స్థలంలో దొరికాయి. మీ సరుకు నుంచి రాలినవి. కాదనగలరా?” అని బావగారు కవరు చించి నల్ల పొరల్ని బల్ల మీద కుమ్మరించారు.

“తాతగారూ, ఆయన మాటలు పట్టించుకోకండి” అంది బ్యాగులమ్మ ఆయాసపడుతూ.

తాతగారు పట్టించుకున్నారు. ఒక పొరని పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించారు. పొర ముడుచుకుని, కరిగి, నల్లటి పూస కట్టింది. ప్లాస్టిక్ కంపు గుప్పుమంది.

“తోలు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, నలిపితే పొడి అవుతుంది. ఇది ముద్ద కట్టింది. గుడ్డ మీద పూసిన ప్లాస్టిక్ ఇది.”

“అంటే నకిలీ అని ఒప్పుకుంటున్నారు.”

“ఒప్పుకుంటున్నాను. మీ భుజం మీద ఇంకా చాలా ఉంది.”

బావగారు తల తిప్పి కుడి భుజం చూసుకున్నారు. తర్వాత ఎడమ భుజం. అలవాటు కొద్దీ భూతద్దం పెట్టి కూడా చూశారు. అక్కడ సన్నటి గుడ్డ నేత, గళ్ళు గళ్ళుగా, బాగా పెద్దదిగా కనబడి ఉంటుంది.

“ఇది మా డిపోలో నలభై మంది కలిసి ఇచ్చింది” అన్నారు.

తాతగారు అగ్గిపుల్లని నీళ్ళ గిన్నెలో వేశారు. “వాళ్ళకీ తెలిసి ఉండదు బాబూ. ఇప్పుడు వీటిని మహా బాగా చేస్తున్నారు. కొత్తలో నేనే పోల్చుకోలేను.”

పోల్చుకోగలరని బ్యాగులమ్మకి తెలుసు. బావగారికీ తెలిసినట్టుంది. ఆయన నెమ్మదిగా కోటు విప్పి, మడిచి, చేతి మీద వేసుకున్నారు. ఏడు నెలల తర్వాత ఆమె ఆయన చొక్కా చేతులు చూసింది.

“ఇంతకీ ఏం పోయిందమ్మా?” అని తాతగారు అడిగారు.

“ఏం లేదండీ” అంది ఆమె. కానీ బావగారు ఇంకేమీ తోచక, జేబులోంచి ఆ అట్ట ముక్కని తీసి బల్ల మీద పెట్టేశారు.

తాతగారు కోసిన అంచుని వెలుతురు కేసి పెట్టి చూశారు. బొటనవేలితో నొక్కారు. వేలు తీయగానే తోలు లేచింది.

“క్రోమ్” అన్నారు. “నువ్వు అడిగింది బెరడు. చీటీ నేనే కట్టాను.”

“పర్వాలేదు తాతగారూ. నేను చూసుకోవాల్సింది.”

“నువ్వెందుకు చూసుకోవాలి? పదకొండేళ్ళు నా చీటీని నువ్వు విప్పి చూసుకోలేదు. నాకున్న గొప్ప అదొక్కటే.” ఆయన ముక్కని బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టారు. “ఆ రోజు రెండు దొంతర్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికి బదులు ఇంకోటి లాగేశానన్నమాట. కళ్ళు పోయాయని కోడలు అంటూనే ఉంది, నేనే వినలేదు. ఈ నెలాఖరుకి షాపు మూసేస్తానులే. తోలు వ్యాపారం చేసేవాడికి తోలు కనబడకపోతే ఇంకెందుకు?”

బ్యాగులమ్మ బావగారిని తీసుకుని బయటికి వచ్చేసింది. తిరిగి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఆమె ఒక అరుగెక్కి నిలబడింది. బావగారు నిలబడలేదు. కోటు చేతి మీదే ఉంది, నెత్తిన కప్పుకోవచ్చన్న ఆలోచన కూడా రానట్టు వానలో నేరుగా నడిచి వెళ్ళిపోయారు.

ఆమె వచ్చేసరికి ఆయన పేము కుర్చీలో కూర్చుని ఉన్నారు. జుట్టు నుంచి, మోచేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తువ్వాలు ఇస్తే తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. తుడుచుకోలేదు. మధ్యాహ్నం మూడయింది, నాలుగయింది, ఆయన కదల్లేదు. ఒక్క మాట అనలేదు. ఆ గదిలో గడియారం చప్పుడు చేస్తుందని ఆమెకి ఆ రోజే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆయన నోరు మూస్తే బాగుండునని కోరుకున్న మనిషి, ఇప్పుడు ఒక్క నేరస్థుడి గురించైనా మాట్లాడితే బాగుండుననుకుంది.

అయిదింటికి ఆయన లేచి, “తప్పు చేశాను అమ్మాయ్” అని, కోటు మరిచిపోకుండా తీసుకుని వెళ్ళిపోయారు.

బ్యాగులమ్మ హోటల్ మేనేజరుకి ఫోన్ చేసి పని మానుకుంటున్నానని చెప్పాలని నిశ్చయించుకుంది. అంతకుముందు కుర్చీ ఆరబెట్టాలి, లేకపోతే పేము కుళ్ళిపోతుంది. మీద వేసిన అట్టని ఎత్తబోయింది. నానిన అట్ట చిరిగి చేతికి రావాలి. ఇది రాలేదు. రెండు చేతులతో ఎత్తితే గానీ లేవనంత బరువుంది. తిరగేసి చూసింది.

కిందివైపు గోధుమ రంగులో నిగనిగలాడుతోంది. ఆ నిగారింపు మీద పేము అల్లిక, గళ్ళకి గళ్ళు, ముడికి ముడి, శిల్పి చెక్కినట్టు దిగబడి ఉంది.

ఆమె కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత బొటనవేలి గోటితో ఒక గీత గీసింది. గీత ఉండిపోయింది. కత్తి తెచ్చి అంచు కోసింది. పైనుంచి కిందిదాకా ఒకటే గోధుమ రంగు.

ఫోన్ చేస్తే అక్క ఎత్తింది. “ఏం చేశావే ఆయన్ని? వచ్చి గంటయింది, ఒక్క కేసు గురించీ చెప్పలేదు. నాకు భయంగా ఉంది.”

“ఒక్కసారి ఆయనకివ్వక్కా.” బావగారి ఊపిరి వినబడింది. “బావగారూ, శనివారం నేను దారం కొనడానికి వెళ్ళినప్పుడు పార్సిల్ ఎవరు విప్పారు?”

“నేనే. భద్రతా కారణాల దృష్ట్యా.”

“లోపల ఏముంది?”

“పైన తోలుంది. లోపల అట్ట ఉంది, ప్యాకింగ్‌ది. గరుకుగా, దళసరిగా. తోలు నీ టేబుల్ మీద పెట్టి, చీటీ దానికే కట్టాను. అట్ట పారేయడం ఎందుకని కుర్చీలో వేసుకున్నాను. నడుముకి చాలా బాగుంది. ఏం?”

“అది అట్ట కాదండీ. తోలుకి వెనకవైపు. బెరడు తోలు.”

అటునుంచి చిన్న పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు వినబడింది.

“అంటే మనం వెతుకుతున్నది...”

“మీ కిందే ఉంది బావగారూ. శనివారం నుంచీ.”

ఆ తర్వాత తాతగారింటికి చేసింది. కోడలు ఎత్తి, “రెండు చుట్లు కదక్కా పంపింది. వాన పడేలా ఉందని మచ్చపడ్డ క్రోమ్ తోలొకటి పైన చుట్టాను. తడిసినా దానికేం కాదుగా. మామయ్యగారికి చెప్పడం మరిచిపోయాను” అంది. తాతగారు ఫోన్ తీసుకుని అంతా విన్నారు.

“నన్ను ఊరడించడానికి మీరిద్దరూ కలిసి అల్లిన కథ బాగానే ఉందమ్మా” అని పెట్టేశారు.

గురువారం, శుక్రవారం బ్యాగులమ్మ తల ఎత్తలేదు. తడిపింది, కొంగని నొక్కింది, ఆరబెట్టింది, అంచులు కుట్టింది. పదకొండు కొంగలు ఒంటికాలి మీద స్థిరంగా నిలబడ్డాయి. పన్నెండో అట్టకి పేము గళ్ళు పడ్డ భాగం తప్ప మిగల్లేదు. గత్యంతరం లేక కొంగని ఆ గళ్ళ మధ్యే నొక్కింది.

సాయంత్రం హోటల్లో మేనేజరు పదకొండింటినీ గబగబా తిరగేసి, పన్నెండో దాని దగ్గర ఆగాడు.

“ఇదేమిటి, నీళ్ళలో అలల మధ్య నిలబడ్డట్టుంది? ఇది అన్నిటికంటే బాగుంది. తర్వాత చేసేవన్నీ ఇలాగే కావాలి.”

“దానికి వాడే పనిముట్టు చాలా బరువైందండీ. మనసు బాగోలేనప్పుడే పనిచేస్తుంది” అంది బ్యాగులమ్మ.

మేనేజరు కళాకారుల పరిభాష అనుకుని తలాడించాడు.

శనివారం పొద్దున బావగారు వచ్చారు. కోటు లేదు, ఇస్త్రీ చొక్కా ఉంది. చేతిలో కాగితాల కట్ట. “తాతగారి దగ్గరికి వెళ్ళాలి. నువ్వు పక్కన ఉండు. ఒక్కణ్ణి వెళితే టీ తాగి వచ్చేస్తానేమోనని భయం” అన్నారు.

షాపులో తాతగారు చీటీలు కట్టడం మానేశారు. కోడలు కడుతోంది, ఆయన స్టూలు మీద ఊరికే కూర్చున్నారు. బావగారు గుమ్మానికి అడ్డం నిలబడకుండా పక్కనుంచి లోపలికి వచ్చి, కాగితాలు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకున్నారు.

“పరిశోధన నివేదికండీ. పూర్తయింది. మీరు చదవాలి.”

“నాకేం కనబడుతుంది బాబూ, మీరే చదవండి.”

“అది నియమాలకి విరుద్ధం. ముద్దాయి చదవకూడదు.”

తాతగారు ఆ మాటకి తల ఎత్తి, కాగితం చేతిలోకి తీసుకున్నారు. నెమ్మదిగా పైకి చదివారు.

“కేసు: ఆరు కొంగల అపహరణ. నేరస్థుడు: ఈ నివేదిక రాసినవాడు. ఉద్దేశం: నడుము నొప్పి. ఆయుధం: సొంత బరువు. తోళ్ళ తాతగారు సరైన తోలే పంపారు, సరైన చీటీయే కట్టారు. ఆ చీటీని తప్పుడు తోలుకి మార్చి కట్టింది నేరస్థుడు. నేరం చేస్తున్నట్టు అతడికి తెలియదు. అతడికి సాధారణంగా ఏదీ తెలియదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో, ఏడు నెలల పరిశోధనలో, నేరస్థుడు స్వయంగా ఒప్పుకున్న మొదటి కేసు ఇదే.”

కోడలు చీటీ కట్టడం ఆపి చూస్తోంది. తాతగారు రెండో కాగితం తిప్పారు. అందులో పేము కుర్చీ బొమ్మ, తోలు పడిన దిశ, బాణం గుర్తులు, సంతకం ఉన్నాయి. ఆయన దాన్నీ చదివి, మళ్ళీ మొదటి కాగితానికి వచ్చారు. ఒకచోట వేలు పెట్టారు.

“ఇక్కడ ‘నేరస్థుడు’లో థకి చుక్క పెట్టలేదు. ధ అయింది.”

“ఎక్కడండీ?” అని బావగారు వంగారు.

“ఇదిగో, అయిదో లైను.”

బావగారు జేబులోంచి భూతద్దం తీసి కాగితానికి ఆనించి చూశారు. వెనక్కి జరిపి చూశారు. కన్ను మార్చి చూశారు. ఆయన రాత చీమ కాళ్ళంత సన్నం. తాతగారి కళ్ళజోడు మడిచి బల్ల చివర ఎక్కడో ఉంది. బ్యాగులమ్మ దాన్ని చూసింది, కోడలు వైపు చూసింది. కోడలు అప్పటికే దాన్నే చూస్తోంది.

“నాకేం తేడా కనబడటం లేదు” అన్నారు బావగారు చివరికి.

తాతగారు కలం తీసుకుని, చుక్క ఉండాల్సిన చోట చుక్క పెట్టారు. కాగితాలు మడిచి సొరుగులో వేశారు. కోడలి ముందున్న చీటీల కట్టని, దారపు ఉండని తన వైపుకి లాక్కున్నారు.

“మళ్ళీ ఎప్పుడు కావాలమ్మా బెరడు తోలు?” అని అడిగారు.